సున్నం కింద పేరు

ఒక మనిషి వస్తానన్నాడు. నేను వెళ్ళి, రానన్నాడని చెప్పాను. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఇదే. చెప్తే రెండు ముక్కలు. ఆ రెండు ముక్కలు చెప్పడానికి ముసలితనం దాకా ఆగాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళ మొహం చూస్తే నాకు నిజం రాదు. ఈ విషయంలో నేను మూడుసార్లు అబద్ధమాడాను. మూడోది పోయిన నెలలోనే.

పోయిన నెల ప్రమీల వచ్చింది. మా అన్న దానియేలు మనవరాలు, బెంగళూరులో ఉద్యోగం. వాళ్ళ అవ్వ మార్త పోయినప్పటి నుంచి ఆ పిల్లకు ఒకటే ధ్యాస. మా వంశం సంగతులన్నీ రాసి, అచ్చువేసి, ఇంటింటికీ ఇవ్వాలని. మార్తకు మా అన్నతో జరిగింది రెండో పెండ్లి. ఆమెకు క్షయ వచ్చిందనీ, ఆసుపత్రిలో ఉండగా బాప్తిస్మం తీసుకుందనీ, మొదటి భర్త ఇక వద్దని వదిలేశాడనీ మా ఇంట్లో చిన్నపిల్లలు కూడా చెప్తారు. ప్రమీల దానికి ఆధారాలు వెతుక్కుంటూ పోయింది.

మదనపల్లెలో పెండ్లి రిజిస్టరు చూసింది. అవ్వ పేరు ఎదురుగా ‘భర్తచే విడువబడినది’ అని ఉంది, సాక్షుల దగ్గర నా సంతకం ఉంది. బాప్తిస్మాల రిజిస్టరులో అవ్వ పాత పేరు గంగులమ్మ, భర్త మునెప్ప, ఊరు కుప్పం దగ్గర పల్లె అని ఉంది. ఆ పల్లెకు పోయింది. అక్కడొక ముసలాయన చెప్పాడట: “మునెప్ప పెండ్లాము మదనపల్లె ఆసుపత్రిలో సచ్చిపోయింది గదమ్మా. పుంగనూరులో పూడిసినారు. ఏటా పోయి సూసొస్తాండె. మళ్ళీ పెండ్లి గూడా చేసుకోల్యా.” పిల్ల పుంగనూరుకు వచ్చింది. మా సమాధుల దొడ్డిలో ఒక రాయి మీద సున్నం పెచ్చులూడి ఉంటే తాళంచెవితో గీకింది. గంగులమ్మ, మునెప్ప పెండ్లాము. కింద సంవత్సరం.

ఆ ఫోటోలన్నీ తెచ్చి నా మంచం మీద పరిచింది.

“తాతా, యాడో తేడా కొడతా ఉండాది. అవ్వ పెండ్లయిన ఏడే అవ్వ సచ్చిపోయినట్టుంది. ఇదెట్లా?”

“గంగులమ్మలు ఇద్దరేమోలేమ్మా. ఆ పక్క ఇంటికొక గంగులమ్మ.”

“మునెప్పలు గూడా ఇద్దరేనా?” అని నవ్వింది.

“ఉంటారు.”

“సరే, ఆయన్ని అడగబోయింది నువ్వే గదా. వద్దన్నాడు గదా? అది నీ మాటగానే వేస్తా.”

“వెయ్యి,” అన్నాను.

ఆ పుస్తకం అచ్చయితే, జబ్బుపడిన పెండ్లాన్ని వదిలేసినవాడుగా మునెప్ప ఎప్పటికీ ఉండిపోతాడు. నా మాట మీద. అందుకని ఇది రాస్తున్నాను.

అప్పుడు యుద్ధం జరుగుతోంది. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. అంతకు ముందు మేమంతా పుంగనూరులో ఉండేవాళ్ళం. మా అన్న మొదటి భార్య సాలమ్మ అక్కడే కాన్పులో పోయింది. తల్లి లేని నన్ను పెంచింది ఆ వదినే. ఆమె సమాధి మీద రాయి లేదు, ఒట్టి మట్టిదిబ్బ. అన్నకు మదనపల్లె ఆసుపత్రిలో కాంపౌండరు పని దొరికితే ఇద్దరు పసిబిడ్డలతో మారిపోయాడు. బిడ్డల కోసం నేనూ వెంట పోయాను. సంగటి కెలకడం, బిడ్డలకు నీళ్ళు పోయడం, అన్న డ్యూటీ దిగేదాకా కాచుకోవడం. పుంగనూరు బడిలో అయ్యవారి ఉద్యోగం నాకోసం పెట్టి ఉంచారు. అన్న ఇంటికి ఒక ఆడమనిషి వస్తే తప్ప నేను కదిలే దారి లేదు.

మార్త అదే ఆసుపత్రిలో నయమై, అక్కడే వంటింట్లో పనికి కుదిరింది. ఆమె వచ్చినప్పటి నుంచి ఊరివాళ్ళు ఎవరూ చూడ్డానికి రాలేదు. మా అన్న ఆమెను చేసుకుంటానని పాస్టరయ్యకు చెప్పాడు.

మా సంఘంలో అప్పట్లో ఒక కట్టుబాటు ఉండేది. బాప్తిస్మం తీసుకున్న ఆడమనిషికి పాత మతంలోనే ఉండిపోయిన భర్త ఉంటే, ఆ పెండ్లి దానంతట అది తెగదు. ఇద్దరు మనుషులు పోయి అతన్ని అడగాలి. ఆమె దేవుణ్ణి ఆమెను కొలుచుకోనిచ్చి, గొడవ లేకుండా ఆమెతో కాపురం చేస్తావా? చేస్తానంటే ఆమె తిరిగి పోవాలి. చేయనంటే ఆమెకు విడుదల. జవాబు ఎటువంటిదైనా ఇద్దరూ వచ్చి సంఘం ముందు చెప్పాలి.

పాస్టరయ్య సంఘపెద్ద జాకబప్పనూ నన్నూ పంపాడు. బయలుదేరే ముందు మార్త వంటింటి వాకిట్లోకి వచ్చి నాతో ఒక్క మాటంది. “అప్పా, ఆయనేమన్యా ఉండేదున్నెట్ల చెప్పు.” సరేనన్నాను.

కుప్పం చేరేసరికి జాకబప్ప పాదాలు వాచిపోయాయి. అక్కడొక విశ్వాసి ఇంట్లో పడుకున్నాడు. “నువ్వడిగితే నేనడిగినట్టేలే నాయనా, పో,” అన్నాడు. నేనొక్కణ్ణే శాంతిపురం దారిలో నడిచాను. ఆ పెద్దమనిషి కాళ్ళు బాగుండి ఉంటే ఇదేదీ జరిగేది కాదని చాలాసార్లు అనుకున్నాను. అలా అనుకోవడం కూడా తప్పించుకోవడమే.

మునెప్ప బావి దగ్గర ఎద్దులతో కపిల తోలి నీళ్ళు తోడుతున్నాడు. నా చొక్కా చూసి ఎద్దుల్ని ఆపాడు.

“పట్టాళానికి మనుసుల్ని పట్టుకోబోయేదానికొచ్చింటే, నా కాలు వంకరప్పా. ముందే చెప్తాండా.”

“కాదు. మదనపల్లె నుంచి వచ్చాను. మీ ఇంటామె గురించి.”

అతని మొహంలో నవ్వు పోయింది.

“సచ్చిపోయిందని నాకు తెలుసులేప్పా. యాడ పూడిసినారో చెప్పు, సాలు.”

“ఎవరు చెప్పారు?”

“ఎవురు చెప్పల్ల? నేనే పోయినా. గేటుకాడ గంగులమ్మ అని అడిగినా. ఆ పేరుతో ఎవురూ లేరన్యారు. పొద్దుగుంకేదాకా ఆడనే కూసోని వచ్చేస్తి.”

బాప్తిస్మంలో పేరు మారిందని అతనికి తెలియదు. గేటు దగ్గర ఉన్నవాళ్ళకు పాత పేరు తెలియదు. మాలో ఎవరికీ ఇది తట్టలేదు. మేమంతా కొత్త పేర్లవాళ్ళమే. పాత పేరు పట్టుకుని మా కోసం ఎవరైనా వస్తారని ఎప్పుడూ అనుకోలేదు.

“బతికే ఉంది. ఇప్పుడు ఆమె పేరు మార్త. జబ్బు నయమైంది.”

అతను చేతిలో ఉన్న తాడు వదిలేశాడు. ఎద్దులు రెండడుగులు వెనక్కి వేశాయి, తోలుబాన ధబ్బున నీళ్ళలో పడింది. అతను అటు చూడలేదు. నేను పాస్టరయ్య చెప్పిన ప్రశ్న అదే మాటల్లో అప్పజెప్పాను.

“ఇంగోసారి చెప్పప్పా.”

మళ్ళీ చెప్పాను.

“ఏ దేవుడయితే ఏమి? ఆ దేవుడే గదా బతికిచ్చినాడు. ఇంట్లో ఒక మూల పెట్టుకోమను. నేనేమన్నా అడ్డమా?”

“మీ అమ్మ ఒప్పుకుంటుందా?”

“మాయమ్మ గొణుగుతాది. గొణగనీ. ఆమె ఎద్దుల మీద గూడా గొణుగుతాది.” అప్పటికే తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటున్నాడు. “నేనిప్పుడే వస్తా పద. ఎద్దుల్ని కట్టేసొస్తా.”

“ఇప్పుడు వద్దు,” అన్నాను. “డాక్టర్లు వదలాలి. మేమే చెప్పి పంపిస్తాం.”

“ఎన్నాళ్ళప్పా?”

“చెప్పి పంపిస్తాం.”

ఎందుకన్నాను ఆ మాట? అక్కడే నిశ్చయించుకున్నానా? లేదనే అనుకునేవాణ్ణి చాలా ఏళ్ళు. దారిలో నడుస్తూ అన్న గురించి, తల్లి లేని బిడ్డల గురించి ఆలోచించి, వాళ్ళ కోసం ఆ పాపం నెత్తికెత్తుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ బావి గట్టును గుర్తు చేసుకుంటే నాకు కనిపించేది బిడ్డలు కాదు. పుంగనూరు బడిలో నాకోసం పెట్టి ఉంచిన కుర్చీ. ఇంకొకటి కూడా ఉంది. ఆ మనిషికి చదువు లేదు, ఒంటి మీద చొక్కా లేదు. బైబిలు వాక్యం చదవడం నేర్చుకున్న ఆడమనిషి ఇతని దగ్గరికి తిరిగి రావడమేమిటని నాలో ఎక్కడో అనిపించింది. అతని జవాబు నాకు జవాబుగా తోచలేదు. దాన్ని జవాబుగా లెక్కపెట్టాలా వద్దా అని తేల్చడం నా పనే అనుకున్నాను.

అతను ఇంటికి తీసుకుపోయి ఆమెకిమ్మని ఒక మూట శెనక్కాయలు కట్టిచ్చాడు. ఆ మూటతోనే కుప్పం తిరిగి వచ్చాను.

“ఏమన్యాడు?” అన్నాడు జాకబప్ప.

“వద్దన్నాడు.”

“వద్దన్యోడు శెనక్కాయలు యాలిచ్చినాడు?”

“అంత దూరం నడిచి వచ్చానని.”

జాకబప్ప ఒక కాయ వొలిచి నోట్లో వేసుకున్నాడు. “మంచోడే పాపం,” అన్నాడు. పలమనేరులో బస్సు మారేలోపు ఇద్దరం వాటిని తినేశాం.

మదనపల్లెలో సంఘం ముందు నిలబడి చెప్పాను. జాకబప్ప తల ఊపాడు. మార్త ఆడవాళ్ళ వైపు వెనక కూర్చుని ఉంది. బయటికి వచ్చాక నన్ను అడిగింది ఒక్కటే.

“ఆయన బాగుండాడా?”

బాగున్నాడన్నాను. ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే.

పెండ్లికి ముందు గుడిలో మూడు ఆదివారాలు చాటింపు చేస్తారు. ఫలానా మనిషికి ఫలానా మనిషితో పెండ్లి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పవచ్చని. చాటింపు చదివాక పాస్టరయ్య కాసేపు ఊరుకుంటాడు. ఆ కాసేపూ నేను వాకిలి వైపే చూసేవాణ్ణి. ఒకసారి ఎవరో ఆలస్యంగా వచ్చి తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డారు. వెలుతురుకు మొహం కనబడలేదు. మెడ చాచి చూశాను. అతను ఆసుపత్రి తోటమాలి. మూడో ఆదివారం కూడా ఎవరూ రాలేదు. చెప్పి పంపిస్తామని నమ్మిన మనిషి ఎందుకు వస్తాడు?

పెండ్లి అయింది. నేను పుంగనూరు వచ్చి బడిలో చేరాను.

పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తున్న ఒక మధ్యాహ్నం మునెప్ప బడి ముందు నిలబడి ఉన్నాడు. మదనపల్లెకు పోతుంటే బొగ్గుబస్సు ఊరి బయట ఆగిపోయిందట. నీళ్ళ కోసం బడి దగ్గరికి వచ్చాడు. నన్ను గుర్తుపట్టాడు. కోపం లేదు. “చెప్పి పంపిస్తానంటివే అప్పా. నేను కాసుకోనే ఉండా. ఇంగ నేనే బయల్దేరొస్తి,” అన్నాడు. సంకలో కొత్త చీర ఉన్న గుడ్డసంచి.

పోనిస్తే సాయంకాలానికి మదనపల్లెలో ఉంటాడు. ఈసారి ఏ పేరుతో అడగాలో అతనికి తెలుసు. ఆ పేరు నేనే చెప్పాను.

ఆమె పోయిందని చెప్పాను. జబ్బు తిరగబెట్టిందని.

అతను ఏడవలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. “యాడ పూడిసినారు?” అన్నాడు. బావి దగ్గర మొట్టమొదట అడిగినదీ అదే. మదనపల్లెలో అంటే అక్కడికి పోతాడు. ఈ ఊరిలోనే అన్నాను. చూపించమన్నాడు. బడి పిల్లల్ని పంపేసి, అతన్ని మా సమాధుల దొడ్డికి తీసుకుపోయి, సాలమ్మ వదిన మట్టిదిబ్బ ముందు నిలబెట్టాను.

మీరు నమ్మండి, మానండి, అప్పటిదాకా ఆ సమాధి చూపించాలని నేననుకోలేదు. కాళ్ళే అక్కడికి తీసుకుపోయాయి. నాకు తెలిసిన, రాయి లేని సమాధి అదొక్కటే.

“తల ఎటుండాది?” అని అడిగాడు. చూపించాను. అటువైపు కూర్చుని మట్టి మీద చెయ్యి పెట్టాడు. తర్వాత సంచిలోని చీర తీసి దిబ్బ మీద పరిచాడు. నన్ను పెంచిన మనిషి మీద, బతికున్న మనిషి కోసం కొన్న చీర. నేను పక్కన నిలబడి చూశాను.

కొన్ని నెలలకు అతను బండి మీద ఒక రాయి తెచ్చి పాతిపోయాడు. నేను బడిలో ఉన్నప్పుడు. వాళ్ళ పక్క రాతిపనివాళ్ళతో చెక్కించాడు కాబోలు, అక్షరాలు పెద్దవి. అతనికి చదవడం రాదు. ఎవరిచేతనో చదివించుకుని సరిచూసుకుని ఉంటాడు.

మా అన్న ఏటా ఈస్టరుకు సాలమ్మ వదిన సమాధి చూడ్డానికి పుంగనూరు వచ్చేవాడు. మా వాళ్ళు పండగకు ముందు సమాధులకు సున్నం కొడతారు. ఆ ఏడు నేను గట్టి సున్నంలో జిగురు కలిపి అక్షరాలు పూడిపోయేదాకా పూశాను. అన్న రాయి చూసి నా భుజం పట్టుకున్నాడు. “నాకు చేతకాలేదు. నువ్వన్నా పెట్టించినావు,” అన్నాడు. పేరు తర్వాత చెక్కిద్దామన్నాడు. నేను తల ఊపాను.

ఆ తర్వాత ఎప్పుడో మునెప్ప వచ్చిపోయాడు. నాకు కనబడలేదు. సున్నం గీకి ఉంది. రాయంతా కాదు. అక్షరాల్లో ఉన్నంత వరకే, మేకుతోనో కత్తిమొనతోనో, ఒక్కొక్కటే. రాయి మీద పసుపు, కుంకుమ. పసుపు చూసి సంఘంలో గొణిగారు, అక్షరాలు ఎవరూ పట్టించుకోలేదు. పల్లెవాళ్ళు ఏ రాయి కనబడినా మొక్కుతారని నేను సర్దిచెప్పాను. మరుసటి ఏడు మళ్ళీ పూశాను. మళ్ళీ గీకాడు. ఎవరు పూస్తున్నారని అతను ఎన్నడూ విచారించలేదు. ఇక్కడి ఆచారం అనుకున్నాడేమో. దేశానికి స్వాతంత్య్రం వచ్చిన ఏడు కూడా నేను పూశాను, అతను గీకాడు. బడిలో పాఠం చెప్తూ ఉంటే గీకుతున్న చప్పుడు వినబడినట్టుండేది. అంత దూరం వినబడదని నాకు తెలుసు.

ఒక ఈస్టరుకు నేను జ్వరంతో సున్నం ఆలస్యం చేశాను. ముందురోజు బకెట్టు, కుంచె తీసుకుని దొడ్డికి పోయేసరికి మార్త అక్కడ ఉంది. అన్న బిడ్డలతో బండి దగ్గర ఉన్నాడు. ఆమె రాయి ముందు నిలబడి చదువుతోంది. ఆసుపత్రిలో చదవడం నేర్చుకుంది కదా. గీకిన అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. తన పేరు, ఆయన పేరు. పసుపు ఇంకా ఆరిపోలేదు.

నా వైపు తిరిగింది. నేను నేల చూశాను. ఆమె నా చేతిలో కుంచె తీసుకుంది. బకెట్టులో ముంచి, తన పేరు మీద తానే సున్నం పూసింది. ఆయన పేరు దగ్గర కొంచెం ఆగింది. అదీ పూసింది. అన్న వచ్చేసరికి రాయి తెల్లగా ఉంది.

ఆమెకు ఎంత అర్థమైంది? ఆ రాయి ఎవరు పెట్టారో అర్థమైంది. వద్దన్న మనిషి రాయి పెట్టడని కూడా అర్థమై ఉండాలి. నన్ను ఎందుకు అడగలేదు? అప్పటికి కడుపులో బిడ్డ ఉంది, ప్రమీల తండ్రి. అడిగితే ఏం చేయగలదు? అంతకు ముందు సంఘంలో లేచి, దేవుడు తనకు చేసిన మేలు సాక్ష్యంగా చెప్పేది; ఆ తర్వాత ఎప్పుడూ లేవలేదు. ఆ సాక్ష్యంలో చెప్పే ‘నావాళ్ళు నన్ను విడిచిపెట్టారు’ అనే మాట ఆమె నోట మళ్ళీ నేను వినలేదు. గొంతు బాగాలేదని అన్న చెప్పేవాడు. మదనపల్లె పోయినప్పుడల్లా నాకు మాత్రం చివరిదాకా అన్నం పెట్టింది, మరిదికి పెట్టినట్టే. ఆమె వడ్డించినప్పుడు తలెత్తి చూడడానికి భయపడేవాణ్ణి.

మరుసటి ఏడు నేను సున్నంతో పోయేసరికి పాత పూత చెక్కుచెదరలేదు. ఆ పైఏడూ అంతే. అంటే ఏమిటో నాకు తెలుసు. కుప్పం పోయి విచారించలేదు. రైల్లో ఆ స్టేషను దాటినా దిగలేదు. అతను చలిజ్వరంతో పోయాడని, ఆ ఏడు కూడా పుంగనూరు పోవాలని పట్టుబట్టాడని ఆ పల్లె ముసలాయన చెప్పాడట. ప్రమీల ఆ మాట నాకు మామూలుగా చెప్పింది. ఆమెకు అతను వేరే ఎవరో మునెప్ప. ఇద్దరున్నారని నేనే కదా చెప్పాను.

నిజం చెప్పి ఉంటే మార్త కుప్పం పోయేది. ప్రమీల తండ్రి పుట్టేవాడు కాదు, ప్రమీలా ఉండేది కాదు. ఆ పిల్ల నా మంచం మీద కూర్చుని నవ్వుతుంటే, నా అబద్ధం వల్ల ఇంత మంచి కూడా జరిగింది కదా అని అనుకున్నాను. నేను వెతుక్కున్న సాకులన్నిటిలో ఇది నీచమైనది. నిజం కాబట్టే.

ఈ కాగితాలు మొదట ప్రమీల చదువుతుంది. ఆమెకు ఇష్టమైతే తర్వాత మీరు. నా మాటగా ఇది వెయ్యాలి: మునెప్ప వద్దనలేదు. నేను అడిగినప్పుడు ఎద్దుల్ని కట్టేసి అప్పుడే బయలుదేరబోయాడు. పుంగనూరులో ఆ రాయి కింద ఉన్నది గంగులమ్మ కాదు. మా వదిన సాలమ్మ.

ఇంత రాసి లేచి మొహం కడుక్కున్నాను. ఒంట్లో తేలికగా ఉంది. నాకు ఈ తేలిక రాకూడదు. ఎవరూ నన్ను క్షమించలేదు, క్షమించగలవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అయినా తేలికగానే ఉంది. అది కూడా దాచకుండా చెప్తున్నాను.